పిత్తాశయం గోడలో థైరాయిడ్ కణజాలం

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి): మా మేనత్తకు నల్లగొండలో పిత్తాశయంలోని రాళ్లకు ఆపరేషన్ జరిగింది. తీసిన పిత్తాశయాన్ని బయాప్సీకి పంపితే, దాని గోడలో శనగగింజంత గడ్డ ఉందనీ, అది థైరాయిడ్ కణజాలమనీ రిపోర్టు వచ్చింది. మెడలో ఉండవలసినది కడుపులో ఎందుకుంది? ఇది క్యాన్సరా?

జవాబు 1: గర్భస్థ శిశువులో థైరాయిడ్ నాలుక మొదట్లో పుట్టి, సుమారు 7వ వారానికి మెడలోకి దిగుతుంది. ఆ దారిలో ఎక్కడైనా ఆగిపోవచ్చు. చోటు తప్పిన థైరాయిడ్ కేసుల్లో దాదాపు 90 శాతం నాలుక మొదట్లోనే కనబడతాయి. పిత్తాశయం, కాలేయం, క్లోమం వంటి చోట్ల కనబడటం బహు అరుదు. అండాశయంలో కనబడితే సంగతి వేరు. అది సాధారణంగా టెరటోమా అనే కణితిలో భాగం.

జవాబు 2: కారణం సంగతి తరువాత చూసుకోవచ్చునండి. మెడలోని థైరాయిడ్‌లో క్యాన్సర్ ఉండి అది కడుపులోకి పాకలేదని ముందు తేల్చుకోవాలి. అందుకు మెడకు అల్ట్రాసౌండ్, రక్తంలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరును తెలిపే హార్మోను) పరీక్ష అవసరం. రెండో పాథాలజిస్టుకు (కణజాలాన్ని పరీక్షించే వైద్యుడికి) చూపించాలంటే రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, ల్యాబులో ఉన్న స్లైడ్లూ, కణజాలాన్ని భద్రపరిచిన మైనపు బ్లాకూ అడిగి తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు: కణాలన్నీ మామూలుగానే ఉన్నాయని రిపోర్టులో రాశారు. మెడకు స్కానింగ్ మాత్రం ఎవరూ చెప్పలేదండి.

జవాబు 2: కణాలు మామూలుగా కనబడినా, థైరాయిడ్ క్యాన్సర్లలో కొన్ని అలాగే కనబడతాయి కనుక స్కానింగ్ మానవద్దు. ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల వైద్యుణ్ణి) కలవండి.