"జ్ఞానమని అబద్ధముగా చెప్పబడిన": ఇక్కడ ఖండించినది ఏ జ్ఞానాన్ని?

ప్రశ్న:

తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయం 20వ వచనం, మన ఇళ్లలో ఉండే పాత తెలుగు బైబిలులో, "అపవిత్రమైన వట్టి మాటలకును, జ్ఞానమని అబద్ధముగా చెప్పబడిన విపరీతవాదములకును దూరముగా ఉండుము" అని ఉంది. నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాణ్ణి, ఆదివారం ఆరాధన మానినవాణ్ణి కాదు. అయితే రెండవ శతాబ్దిలో సంఘం తిరస్కరించిన గ్నోస్టిక్ బోధకుల గ్రంథాలు ఈజిప్టులో దొరికాయి; వాటి అనువాదాలు చదువుతూ వచ్చిన తరువాత నా నమ్మకం కొంత వేరుపడింది. పరమతండ్రి వేరు, ఇన్ని బాధలు నిండిన ఈ లోకాన్ని చేసినవాడు వేరు అని, మనలో ఆ తండ్రి వెలుగు కొంత చిక్కుకొని ఉందని, యేసు వచ్చినది ఆ సంగతి తెలియజెప్పడానికేనని, ఆ ఎరుకే రక్షణ అని నేను అనుకుంటున్నాను. ఈ మాట మా సంఘ పెద్ద ఒకరితో అన్నప్పుడు ఆయన పై వచనం చూపించి, "జ్ఞానం వారిది, విశ్వాసం మనది" అని ముగించారు. మతవాదం పెంచడం నా ఉద్దేశం కాదు. ఈ వచనంలోని 'జ్ఞానము' అనే మాట మూలంలో ఏమిటో, మనం వేదాంతంలో వాడే జ్ఞానమూ అదీ ఒకటేనా అన్నది తెలిసినవారు వివరించగలరా?

జవాబు:

అయ్యా, ముందు మాట సంగతి చూద్దాం. మూలంలో ఉన్నది 'గ్నోసిస్' అనే గ్రీకు మాట, ఎరుక అని అర్థం. గ్రీకు 'గ్నో', సంస్కృత 'జ్ఞా' ఒకే ధాతువు నుండి వచ్చిన తోబుట్టువులని భాషాశాస్త్రజ్ఞులు అంగీకరించారు. పైగా మనం 'జ్ఞానం' అని వ్రాసి 'గ్నానం' అని పలుకుతాం కనుక ఆ బంధుత్వం తెలుగు చెవికి ఎవరూ చెప్పకుండానే వినబడుతుంది. అనువాదకులు ఆ మాట ఎన్నుకోవడంలో తప్పు లేదు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, అదే 'జ్ఞానము'ను వారు 'సోఫియా' (వివేకం) అనే మరొక గ్రీకు మాటకు కూడా వాడారు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 1వ అధ్యాయంలో క్రీస్తును "దేవుని జ్ఞానము" అన్నచోట మూలంలో సోఫియా ఉంది. 8వ అధ్యాయంలో "జ్ఞానము ఉప్పొంగజేయును" అన్నచోట గ్నోసిస్ ఉంది. రెండు మాటలూ పక్కపక్కన వచ్చినప్పుడు మాత్రం అనువాదకులు సోఫియాను 'బుద్ధి' చేసి గ్నోసిస్‌కు 'జ్ఞానము' ఉంచారు. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 2:3లోని "బుద్ధి జ్ఞానముల సర్వసంపదలు" అలా వచ్చినదే. గ్నోస్టిక్ కథల్లో సోఫియా ఒక పాత్ర పేరు కాబట్టి, ఈ సంగతి తెలియకుండా తెలుగు వచనాలను మాత్రమే పట్టుకొని గ్నోస్టిక్ గ్రంథాలతో పోల్చితే తప్పుదారి పట్టే ప్రమాదం ఉంది.

ఇక మీ సంఘ పెద్దగారి మాట. ఆ వచనం జ్ఞానాన్ని ఖండించలేదు. జ్ఞానం కానిదాన్ని జ్ఞానమని పిలవడాన్ని ఖండించింది. 'అబద్ధముగా' అనే క్రియావిశేషణం తగిలినది 'చెప్పబడిన'కు. జ్ఞానమే పనికిరానిదైతే 'అబద్ధముగా' అనవలసిన అవసరమే ఉండదు. లూకా సువార్త మొదటి అధ్యాయంలో జెకర్యా పాటలో 'రక్షణజ్ఞానము' అనే మాట ఉంది, అక్కడా మూలం గ్నోసిస్సే. రెండవ శతాబ్ది చివర అలెగ్జాండ్రియాలో బోధించిన క్లెమెంట్ సంఘానికి చెందిన ఆచార్యుడే అయినా, పరిపూర్ణుడైన క్రైస్తవుణ్ణి 'గ్నోస్టికోస్' అనే పిలిచాడు. కనుక ఒకవైపు జ్ఞానాన్నీ మరొకవైపు విశ్వాసాన్నీ నిలబెట్టి గీత గీస్తే, ఆ గీత ఆనాటి సంఘాన్నే రెండుగా కోస్తుంది.

అసలు గీత ఎక్కడ పడిందో మీ ప్రశ్నలోని మొదటి నమ్మకమే చెబుతోంది: లోకాన్ని చేసినది ఎవరు? నా అభిప్రాయంలో ఈ తగవు మొత్తానికి మూలం అదే, మిగిలినవన్నీ దాని కొమ్మలు. ఇదే పత్రిక 4వ అధ్యాయం తీసి చూడండి. అక్కడ దుర్బోధకుల మీద వేసిన నేరం వివాహాన్ని నిషేధించడం, కొన్ని ఆహారాలు మానిపించడం. దానికి పత్రిక ఇచ్చిన సమాధానం దేవుడు సృష్టించిన ప్రతిదీ మంచిదే అన్నది. క్రీ.శ. 180 ప్రాంతంలో లియోన్ నగర బిషప్పు ఇరేనియస్ గ్నోస్టిక్ బోధకుల మీద అయిదు సంపుటాల ఖండనగ్రంథం వ్రాసి, దాని పేరులోనే మీరు అడిగిన ఈ పదబంధాన్ని పెట్టుకున్నాడు: జ్ఞానమని అబద్ధముగా పిలువబడుతున్నదానిని బయటపెట్టి పడగొట్టడం అని ఆ పేరుకు భావం. అందులో ఆయన విసుగు లేకుండా తిరిగి తిరిగి చెప్పేది సృష్టికర్త, యేసు తండ్రి ఒక్కరే అని. తరువాతి విశ్వాస ప్రమాణాలు తండ్రియైన దేవుణ్ణి భూమ్యాకాశాల సృష్టికర్తగా ఒప్పుకోవడంతోనే మొదలు కావడం ఈ నేపథ్యంలో చదివితే బాగా అర్థమవుతుంది. ఆదివారం మీరు నిలబడి పలికే మొదటి వాక్యమే మీ మొదటి నమ్మకానికి అడ్డుపడుతోంది.

గ్నోస్టిక్కులు ఈ వాదాన్ని ఎంత దగ్గరగా చదివి నిర్మించారో ఒక ఉదాహరణ చాలు. 1945లో ఎగువ ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర మట్టికుండలో దొరికిన కాప్టిక్ (ఈజిప్టు క్రైస్తవుల పాత భాష) పుస్తకాల్లో 'యోహాను రహస్య గ్రంథం' ఒకటి. అందులో సోఫియా తన జంటను కాదని ఒంటరిగా కనిన లోపభూయిష్టమైన బిడ్డ యల్దబోత్. ఈ లోకాన్ని చేసినవాడు వాడే. వాడు తన సృష్టిని చూసుకొని తాను రోషముగల దేవుడినని, తాను తప్ప మరి ఏ దేవుడూ లేడని ప్రకటిస్తాడు. ఇవి నిర్గమకాండంలోనూ యెషయాలోనూ యెహోవా పలికిన మాటలే. వెంటనే ఆ గ్రంథం, మరొక దేవుడు లేకపోతే ఇక రోషం ఎవరి మీద అని అడుగుతుంది. వ్యాకరణ పాఠం చెప్పే పంతులు విద్యార్థిని నిలదీసినట్టు ఉంటుంది ఆ చోటు. ఒక్క విశేషణాన్ని పట్టుకొని పూర్వనిబంధన దేవుణ్ణి బోనులో నిలబెట్టారు. సంఘం ఆ రోషాన్ని నిబంధనకు కట్టుబడ్డ ప్రేమలోని తీవ్రతగా చదివింది.

ఏదెను తోట కథ కూడా ఇలాగే తిరగబడుతుంది. మన బైబిలులో అది "మంచి చెడ్డల తెలివినిచ్చు వృక్షము". ఇక్కడ అనువాదకులు జ్ఞానము అనకుండా 'తెలివి' అన్నారు. అయితే పూర్వనిబంధన పాత గ్రీకు అనువాదంలో (ఆదికాండం 2:17) ఉన్నది గ్నోసిస్‌కు పుట్టిల్లయిన క్రియే. గ్నోస్టిక్ పాఠకుడు దాన్ని చూసి, మనిషికి గ్నోసిస్ అందకుండా ఆపినవాడు మంచి దేవుడెలా అవుతాడని అడిగాడు. నాగ్ హమ్మాదిలోనే దొరికిన 'సత్య సాక్ష్యం' అనే గ్రంథంలో సర్పం పక్షాన్నే కథ నడుస్తుంది, ఆదాముకు ఆ పండు దక్కనివ్వని దేవుడు అసూయాపరుడిగా కనిపిస్తాడు. తెలుగులో 'తెలివి' అని ఉండడంతో ఆ ముడి మన పాఠకుడి కంట పడదు.

వచనంలోని 'విపరీతవాదములు' గురించి ఒక్క మాట. ఈనాడు విపరీతం అంటే మితిమీరినది అనే అర్థం ముందుకు వస్తుంది. ఇక్కడ ఉద్దేశించినది ఎదురువాదం. గ్రీకు మాట 'అంటిథెసిస్'కు బహువచనం. పూర్వనిబంధన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అని బోధించి క్రీ.శ. 144లో రోము సంఘం నుండి బయటపడిన మార్కియోను వ్రాసిన పుస్తకం పేరు కూడా అదే. పత్రిక ఆ పుస్తకాన్నే ఉద్దేశించిందా అన్నది పండితుల మధ్య తేలని సంగతి.

మరొక సభ్యురాలు:

పై జవాబుకు ఒక చేర్పు. మేము కథోలికులం; మా ఇళ్లలో బాప్తిస్మము అనే మాట కంటే 'జ్ఞానస్నానం' ఎక్కువ వినిపిస్తుంది. బిడ్డను ఎత్తుకొని నిలబడేవారు జ్ఞానతల్లిదండ్రులు. తమిళంలోనూ ఈ మాట ఇలాగే ఉంది. నెలల పసిబిడ్డకు తలమీద నీళ్లు పోస్తే వచ్చేది ఏ జ్ఞానమని మా నాన్నగారిని చిన్నతనంలో అడిగితే, ఆ మాటకు ఇక్కడ ఆత్మసంబంధమైనదనే అర్థమని చెప్పారు. కాబట్టి జ్ఞానం వారిది, విశ్వాసం మనది అనేవారు తెలుగు కథోలిక వాడుకను కూడా కాస్త గమనించాలని మనవి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. సంఘ పెద్దగారి వాదం ఆ వచనంతో నిలవదని అర్థమైంది. అయితే నాకు ఇంకొక సందేహం మిగిలింది. 'జ్ఞానాదేవ తు కైవల్యమ్' అనే మాట విని పెరిగిన తెలుగువాడికి గ్నోస్టిక్ బోధ పరాయిదిగా అనిపించదు. లోకం మాయ, లోపలి వెలుగు సత్యం, అజ్ఞానం తొలగితే ముక్తి. నా మనస్సు అటు మొగ్గడానికి ఇదే కారణమేమో. రెండింటినీ ఒకటిగా చూడడంలో దోషం ఉందా?

జవాబు:

పోలిక ఉంది, దాన్ని కాదనను. కానీ మాట ఒకటైనంత మాత్రాన కథ ఒకటి కాదు. అద్వైతంలో అవిద్య జీవుడికి అంటుకున్నది. అది తొలగిన తరువాత ఈ జగత్తు బ్రహ్మం కంటే వేరుగా ఎవరో చేసిన చెరసాలగా మిగలదు. గ్నోస్టిక్ కథలో అజ్ఞానం మొదట అంటుకున్నది సృష్టికర్తకే, తనపైన మరొకరున్న సంగతి వాడికే తెలియదు. 'ఫిలిప్పు సువార్త' ఈ లోకం ఒక పొరపాటు వలన ఏర్పడిందని నేరుగా అంటుంది. ఈశ్వరుడు పొరబడ్డాడని అనడానికి ఏ వేదాంతీ ఒప్పుకోడు. అదేవిధంగా 'ప్లెరోమా' అనే గ్రీకు మాటను పూర్ణం అని తెనిగించగానే "పూర్ణమదః పూర్ణమిదం" గుర్తుకు వస్తుంది. ఆ శాంతిమంత్రం అదీ పూర్ణమే, ఇదీ పూర్ణమే అంటుంది. రెండవ శతాబ్ది గ్నోస్టిక్ బోధకుడు వాలెంటైనస్ శిష్యుల ప్లెరోమా పరమతండ్రి నుండి వెలువడిన దివ్యశక్తుల సముదాయం. ఈ లోకం దాని సరిహద్దుకు బయట, ఆ పూర్ణత కొరవడిన చోట ఉంది. 'ఇదం' అక్కడ పూర్ణం కానే కాదు. పౌలు పేరిట ఉన్న కొలొస్సయుల పత్రిక అదే ప్లెరోమాను తీసుకొని "దేవత్వముయొక్క సర్వపరిపూర్ణత" క్రీస్తునందు 'శరీరముగా' నివసిస్తోందని అంటుంది. సంఘం పట్టుకొని వదలనిది ఆ 'శరీరముగా' అనే మాటనే.

శరీరం దగ్గరకు వచ్చాం గనుక తెలుగు మాటల ఎంపికకు సంబంధించిన చర్చ ఒకటి ముందుంచుతాను. యోహాను సువార్త 1:14 తెలుగులో "ఆ వాక్యము శరీరధారియై" అని ఉంది. మూలంలో ఉన్నది వాక్యము మాంసమయ్యెను అని, అంత మొరటుగానే. 'ధారి' అంటే ధరించినవాడు. కిరీటధారి కిరీటం తీయగలడు. అదే బైబిలులో శాస్త్రులనూ పరిసయ్యులనూ తిట్టిన మాట 'వేషధారులు'. ధరించినది విప్పవచ్చు గనుక, యేసు దేహం కేవలం కనబడినదే కానీ నిజమైనది కాదన్నవారికి శరీరధారి అనే మాట పెద్దగా అభ్యంతరం కలిగించదు. వారిని ఎదుర్కొనే యోహాను మొదటి పత్రిక 4:2లో కూడా మన అనువాదం "శరీరధారియై వచ్చెనని" అనే అంటుంది. అవతార కథలకు అలవాటుపడ్డ భాషలో సహజంగా దొరికిన మాట కనుక అనువాదకులు దాన్ని తీసుకొని ఉంటారు, చదవడానికి అందంగా కూడా ఉంది. కానీ సిలువ మీద బాధపడినది ఎవరు అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఈ అందం సంఘానికి సహాయం చేయదు. శరీర పునరుత్థానాన్ని సంఘం అంత పట్టుదలగా ఒప్పుకోవడానికీ, గ్నోస్టిక్కుల్లో చాలామంది దాన్ని లోపలి మేల్కొలుపుగా చదవడానికీ తేడా ఇక్కడే మొదలవుతుంది.

మీ సొంత నమ్మకాలలో సంఘంతో చివరిదాకా పొసగనివి రెండే అని నాకు తోస్తోంది: సృష్టికర్త వేరనడం, మీరు పైకి చెప్పకపోయినా దాని వెంట వచ్చే శరీరం పట్ల చిన్నచూపు. ఎరుకే రక్షణ అన్నదానికి మాత్రం సంఘ గ్రంథంలోనే చోటుంది. యోహాను 17:3 చూడండి: తండ్రినీ ఆయన పంపిన యేసుక్రీస్తునూ "ఎరుగుటయే నిత్యజీవము". గ్నోసిస్ ధాతువునుండి వచ్చిన క్రియకు ఇక్కడ అనువాదకులు దేశ్యమైన 'ఎరుగు' వాడారు. మత్తయి 1:25లో యోసేపు మరియను "ఎరుగకుండెను" (ఆమెతో కాపురం చేయలేదు అనే అర్థంలో) అన్నచోట కూడా అదే గ్రీకు క్రియ, అదే తెలుగు క్రియ. ఈ ఎరుక ఒక రహస్య విషయం తెలియడం కంటే ఒక మనిషిని ఎరగడానికి దగ్గర. మీ మాటల్లో యేసు ఒక సంగతి తెలియజెప్పేవాడు. ఈ వచనంలో ఎరగవలసినది ఆయననే.

మరొకటి, వాలెంటైనస్ శిష్యులు మనుషులను మూడు తెగలుగా విభజించి, ఆత్మసంబంధులు స్వభావం చేతనే రక్షింపబడతారని, సామాన్య సంఘస్థులకు ఒక మెట్టు కింద చోటు దొరుకుతుందని చెప్పారని ఇరేనియస్ వ్రాశాడు. ఆ రెండవ తెగకు వారు వాడిన గ్రీకు మాటే పౌలు పత్రికలో "ప్రకృతి సంబంధియైన మనుష్యుడు" అయి మన బైబిలులో కూర్చుంది. మీ పక్కన మోకరించేవారిని ఆ లెక్కలో వేయడానికి మీ మనసు ఒప్పుకుంటుందా అన్నది మీరే తేల్చుకోవాలి.

వేరొక సభ్యులు:

చర్చ బాగుంది. ఒక ఆచరణాత్మకమైన ప్రశ్న: ఈ మతాన్ని తెలుగులో ఏమని వ్రాయాలి? ఇంగ్లీషు ఉచ్చారణను అనుసరించి కొందరు 'నాస్టిక్' అని వ్రాయగా, దిద్దేవారు అచ్చుతప్పు అనుకొని 'నాస్తిక్' చేయడం నేను చూశాను. ఇద్దరు దేవుళ్ల గురించి వాదించినవాళ్లు చివరకు దేవుడే లేడన్నవాళ్లయ్యారు.

జవాబు:

అందుకే 'గ' ఉంచి 'గ్నోస్టిక్' అని వ్రాయడం మేలు. గ్రీకులో ఆ హల్లు పలుకుతుంది, మనకూ అది కష్టం కాదు. 'జ్ఞానవాదులు' అనే మాట కొందరు వాడుతున్నారు కానీ, దానితో మళ్లీ వేదాంతపు గందరగోళమే వస్తుంది. రెండవ శతాబ్ది బోధకుల గురించి వ్రాసేటప్పుడు గ్నోస్టిక్కులు అని, వారు చెప్పిన ప్రత్యేకమైన ఎరుకకు గ్నోసిస్ అని వ్రాసి, తిమోతి పత్రిక వచనాన్ని ఉదహరించినప్పుడు మాత్రం అచ్చులో ఉన్న 'జ్ఞానము'ను అలాగే ఉంచితే సరిపోతుంది.