శాస్త్రవేత్త హాంబర్గర్‌కు నోబెల్ ఇవ్వకపోవడం అన్యాయమే. కాదంటారా?

జువాలజీ మాస్టారు: నరకణాలను బతికించే ఎన్‌జీఎఫ్ అనే ప్రోటీన్‌ని కనిపెట్టినందుకు 1986లో రీటా లెవీ మాంటల్చీనికీ స్టాన్లీ కోహెన్‌కీ నోబెల్ ఇచ్చారు. ముగ్గురికి ఇవ్వొచ్చు, ఇద్దరితో ఆపేశారు. ముస్సోలినీ కాలంలో యూదులను ఉద్యోగాల్లోంచి తీసేస్తే, టురిన్‌లో పడగ్గదినే ల్యాబ్ చేసుకుని కోడిగుడ్ల మీద పనిచేసిన ఆమెను 1947లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌కి రప్పించింది విక్టర్ హాంబర్గర్. ల్యాబ్ ఆయనది, కోడి పిండంలో రెక్క మొగ్గ (రెక్కగా ఎదిగే బుడిపె) కోసి చూసే పని ఆయనది. పిండంలో ఎలుక కణితి ముక్క పెట్టి, ఎన్‌జీఎఫ్‌కి దారి చూపిన బ్యూకర్ కూడా ఆయన శిష్యుడే.

గల్లీ గబ్బిలం: మధ్యాహ్నం పూట ఈ పేరు రాయకండి సార్, ఆకలేస్తోంది.

స్లైడ్ నంబర్ 7: మాస్టారూ, 1934లో ఆయన ఏమన్నారో కూడా చెప్పండి. మొగ్గ తీసేస్తే ఆ పక్క నరకణాలు తగ్గాయి. రెక్క నుంచి కబురు అందక కొత్త కణాలు నరకణాలుగా మారలేదన్నారు. తప్పు. కణాలు పుట్టాయి, రెక్క వైపు తంతువులు చాచాయి, ఆ తర్వాతే చచ్చిపోయాయి. ఒక్కో వయసు పిండాన్నీ వరసగా కోసి చూశారు కాబట్టి రీటాకు అది దొరికింది.

జువాలజీ మాస్టారు: 1949లో ఆమెతో కలిసే పేపర్ రాశాడాయన. పాత మాట అలా వదులుకునేవాళ్లు ఎంతమంది? డెబ్బై దాటాక 1975లో, కోడి పిండం వెన్నుపాములో కాలి కండరాలకు పోయే నరకణాలను మళ్లీ కూర్చుని లెక్కపెట్టాడు. ఒక పక్క సుమారు 20 వేలు. కొన్ని రోజులకు 12 వేలు. ఏ జబ్బూ లేని పిండంలో! కండరం ఇచ్చే పోషణ అందరికీ చాలదు మరి.

స్లైడ్ నంబర్ 7: పోషణ అనకండి, అదేం అన్నం కాదు. 1988లో అదే సెయింట్ లూయిస్‌లో ఎలుక నరకణాలకు ఎన్‌జీఎఫ్ ఆపేసి, ప్రోటీన్ తయారీని ఆపే మందు కూడా వేశారు. ఆకలి చావే అయితే ఇంకా తొందరగా చావాలి కదా. బతికాయి! చావడానికి కావలసిన సరంజామా కణమే తయారు చేసుకుంటుంది. ఎన్‌జీఎఫ్ ఉన్నంతసేపూ ఆ పని మొదలవదు.

జువాలజీ మాస్టారు: ఎన్‌జీఎఫ్ లాంటివాటిని ట్రోఫిక్ ఫ్యాక్టర్లంటారు. ట్రోఫిక్ అంటేనే పోషణ. ముప్పై ఏళ్లు అదే చెప్పాను.

వనజ: మా చిన్నోడి మెదడుకి మంచిదని ఒకాయన బీడీఎన్ఎఫ్ పొడి అమ్ముతున్నాడు. కొనొచ్చా?

స్లైడ్ నంబర్ 7: వద్దండీ. బీడీఎన్ఎఫ్ కూడా ఎన్‌జీఎఫ్ లాంటి ప్రోటీనే. తింటే పప్పు అరిగినట్టే అరిగిపోతుంది. మాస్టారూ, ముప్పై ఏళ్లు చెప్పినంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు.

గల్లీ గబ్బిలం: కోహెన్ పాము విషం సంగతి ఎవరూ ఎత్తరేంటి? కణితి రసంలోని న్యూక్లియిక్ ఆమ్లాలను (డీఎన్‌ఏ లాంటివి) విరగ్గొడదామని విషం కలిపితే తంతువులు ఇంకా గుబురుగా వచ్చాయట. తీరా చూస్తే ఎన్‌జీఎఫ్ ఆ విషంలోనే బోలెడంత ఉంది. అక్కడి నుంచి ఎలుక లాలాజల గ్రంథి దాకా వెళ్లారు.

జువాలజీ మాస్టారు: తప్పూ ఒప్పూ నాకు నేర్పకమ్మా. ఎంఫిల్‌లో రెండేళ్లు కణాలు లెక్కపెట్టాను. పేపర్‌లో గైడ్ పేరు ఒక్కటే. నాకు అడుగున ధన్యవాదాలు, అందులోనూ ఇంటిపేరు తప్పు. హాంబర్గర్ గురించి ఊరికే రాయలేదు నేను.

స్లైడ్ నంబర్ 7: నాది దానికి తిరగబడ్డ కథ సార్. మా గైడ్ చెప్పింది తప్పని నేనే చూపించాను. ఇప్పుడది ఆయన పేరు మీదే తిరుగుతోంది. అడిగితే 'ల్యాబ్ నాది' అన్నాడు. మొదటి పోస్టులో మీరు రాసిందీ అదే మాట. నాకు మండింది అక్కడే.

జువాలజీ మాస్టారు: ఆ ముక్క పొద్దున్నే అనొచ్చుగా.

స్లైడ్ నంబర్ 7: ఇంతకీ ఎలా లెక్కపెట్టేవారు?

జువాలజీ మాస్టారు: ప్రతి పదో కోత. న్యూక్లియోలస్ (కణ కేంద్రకంలోని చుక్క) కనిపించిన కణమే లెక్కలోకి, లేకపోతే ఒకే కణం రెండు కోతల్లో పడుతుంది. కుడిచేత్తో ఫోకస్, ఎడమచేత్తో కౌంటర్. చలికాలం వస్తే ఆ బొటనవేలు ఇప్పటికీ సలుపుతుంది. పోషణ మాట మాత్రం వెనక్కి తీసుకోను.