కంప్యూటరు కళ్ళ మంటకు ల్యూటిన్ క్యాప్సూళ్ళు వాడవచ్చా?

ప్రశ్న (కావలి):
నేను కావలిలో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. సాయంత్రమయ్యేసరికి కళ్ళు మండుతూ, నలుసు పడినట్టు గరగరలాడుతున్నాయి. మా బృందంలో పాతికేళ్ళ లోపువారే చాలామంది ల్యూటిన్ (ఆకుకూరల్లో ఉండే పసుపు రంగు పదార్థం), ఒమేగా-3 (చేపనూనెలో దొరికే కొవ్వు) క్యాప్సూళ్ళు వాడుతున్నారు. మిగిలినవారు జీతం పడగానే మొదలుపెడతామంటున్నారు. డాక్టరు రాశారా అని అడిగితే ఒక్కరూ అవునని చెప్పలేదు. వీటివల్ల ఉపయోగం ఉంటుందా, లేక నలుగురూ కొంటున్నారని నేనూ కొనబోతున్నానా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (ఆప్టోమెట్రిస్టు, నెల్లూరు):
మామూలుగా నిమిషానికి 15 సార్ల దాకా రెప్ప వేసే మనిషి, తెర చూసేటప్పుడు 5 నుంచి 7 సార్లే వేస్తాడు, అదీ చాలాసార్లు సగమే మూస్తాడు కాబట్టి కన్నీటి పొర ఆరిపోయి మంట పుడుతుంది. గంటల తరబడి దగ్గరి చూపు వల్ల కంటి లోపలి కండరమూ అలసిపోతుంది. ఈ రెండూ కంటి ముందు భాగపు ఇబ్బందులు. ల్యూటిన్ చేరేదేమో వెనకనున్న, వెలుగును గ్రహించే రెటీనా పొర మధ్య భాగమైన మాక్యులాకు. రోజుకు 10 మిల్లీగ్రాముల ల్యూటిన్, దాని లాంటిదే అయిన జియాజాంతిన్ 2 మిల్లీగ్రాములు అని డబ్బాల మీద కనిపించే మోతాదును 2013లో ఫలితాలు వెలువడిన ఏరెడ్స్-2 అనే అమెరికా కంటి పరిశోధన పరీక్షించింది వయసు పైబడినవారి మాక్యులా క్షీణతకే గాని, తెర అలసటకు కాదు. ఒమేగా-3 విషయానికొస్తే, 2018లో ప్రచురితమైన డ్రీమ్ అధ్యయనంలో పొడికళ్ళవారు ఏడాదిపాటు రోజుకు 3 గ్రాములు తీసుకున్నా, పోలిక కోసం ఆలివ్ నూనె తీసుకున్నవారికంటే మెరుగు పడలేదు.

జవాబు (ఫార్మసీ అధ్యాపకుడు, ఒంగోలు):
మీ రెండో సందేహమే నాకు ముఖ్యమనిపించింది. ఒక పని చేయాలనే ఉద్దేశం దానిపట్ల మనకున్న అభిప్రాయం, చుట్టూ ఉన్నవారి ఒరవడి, అది మన చేతిలో పనేనన్న నమ్మకం, ఈ మూడింటి మీద ఆధారపడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త ఐజెక్ ఐజెన్ 1991లో వివరించారు. మీ బృందంలో మూడూ కుదిరాయి. ఫోనులో నొక్కితే క్యాప్సూళ్ళు గుమ్మంలోకి వస్తాయి. కంటి పరీక్షకేమో సెలవు పెట్టి, టోకెను తీసుకుని కూర్చోవాలి. డబ్బా వెనక్కి తిప్పి చూడండి, ఔషధంగా వాడటానికి కాదని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆహార పూరకాలపై మన దేశపు 2016 నిబంధనల ప్రకారం అది తప్పనిసరి. బీటా కెరోటిన్ ఉన్న రకాలు పొగతాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెంచుతాయి గనుక, అలవాటున్న మిత్రులకు ఈ మాట తప్పక చెప్పండి. ల్యూటినే కావాలంటే పాలకూర పప్పులోనూ కోడిగుడ్డు పచ్చసొనలోనూ ఉంది.

జవాబు (కందుకూరు):
నాకు మాత్రం క్యాప్సూళ్ళతో మంట బాగా తగ్గింది. అందరికీ పనికిరావనడం సరికాదు.

జవాబు (ఆప్టోమెట్రిస్టు, నెల్లూరు):
తగ్గినందుకు సంతోషమండీ. అయితే అదే సమయంలో కళ్ళద్దాలు మార్చారా, చుక్కల మందు వేసుకున్నారా అన్నది కూడా చూడాలి. కొద్దిపాటి సిలిండరు పవరును (కంటి వంపు అన్ని వైపులా సమానంగా లేకపోవడాన్ని) అద్దాలతో సరిచేయకుండా వదిలేసినా సాయంత్రానికి తలనొప్పి వస్తుంది, దానికి ఏ క్యాప్సూలూ పనిచేయదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. డబ్బా కొనడం ఆపి, ముందు నెల్లూరులో ఆసుపత్రులుండే పొగతోటలో కళ్ళు చూపించుకుంటాను. నా ఏసీ గాలి నేరుగా ముఖానికే తగులుతుంది, అదీ కారణమవుతుందా?

జవాబు (ఆప్టోమెట్రిస్టు, నెల్లూరు):
తప్పకుండా అవుతుంది. గాలిని పక్కకు మళ్ళించి, తెరను కంటి మట్టానికి కాస్త కిందుగా పెట్టుకోండి. కన్ను తక్కువ తెరుచుకుంటుంది గనుక తేమ నిలుస్తుంది. ప్రతి 20 నిమిషాలకు 20 సెకన్లపాటు 20 అడుగుల దూరం చూస్తూ, రెప్పలు పూర్తిగా మూసి తెరవండి.