హెల్త్ సర్టిఫికెట్ ఉంటే బ్రుసెల్లా లేనట్టేనా?

సత్తెనపల్లి పాడి:
హర్యానాలో రోహ్‌తక్ దగ్గర ఆరు ముర్రా గేదెలు చూసి వచ్చాను. లారీకి ఆరు మించకూడదు కాబట్టి ఆరే. నాలుగు ఈనినవి, రెండు నిండు చూడివి. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు. దళారి వాట్సాప్‌లో ఒక కాగితం పంపి, ‘హెల్త్ సర్టిఫికెట్ ఉంది, దారిలో ఎవరూ ఆపరు’ అంటున్నాడు. నా టెన్షన్ దారి గురించి కాదు. మూడేళ్ల కిందట ఇలాగే తెచ్చిన గేదె ఏడో నెలలో ఈసుకుపోయింది, మాయ పడలేదు. ఆ తర్వాత కొట్టంలో ఇంకో రెండూ అంతే. రక్తపరీక్షలో బ్రుసెల్లా అని తేలింది, అదే చూడి పోగొట్టే అంటురోగం. ఈసారి ఈ కాగితాన్ని నమ్మొచ్చా?

పశువుల ఆసుపత్రి పాత కాపు:
నమ్మకండి. అది 1978 పశు రవాణా నిబంధనల కింద ఇచ్చే కాగితం. పశువు ప్రయాణానికి తట్టుకుంటుంది, అంటురోగాలు లేవు అని డాక్టరు గారు రాసిస్తారు. చాలావరకు కంటితో చూసి రాసేదే. (అందులో రిండర్‌పెస్ట్, అంటే పశువుల ప్లేగు, టీకా ప్రస్తావన కూడా ఉంది. ఆ రోగం 2011కే ప్రపంచంలో లేకుండా పోయింది!) బ్రుసెల్లా తేలాలంటే రక్తం తీయాల్సిందే. రోజ్ బెంగాల్ పరీక్ష నాలుగు నిమిషాల పని. పాజిటివ్ వస్తే ఎలైసా అనే ల్యాబు రక్తపరీక్షతో ఖాయం చేసుకోండి. మీ చూడి గేదెలతోనే చిక్కు. ఈనే రోజుల్లో రోగం ఉన్నా నెగటివ్ చూపించవచ్చు. ఈనిన మూడు వారాలకు మళ్లీ చేయించండి, అప్పటిదాకా వేరే పాకలో కట్టండి. మాయను ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు, ఈ రోగం మనుషులకూ వస్తుంది.

ఖమ్మం గేదెలు:
అన్నా, నాకు ఒకడు టీబీ రిపోర్టు కూడా ఇచ్చాడు. పొద్దున బేరం, సాయంత్రానికి రిపోర్టు! టీబీకి చర్మంలో సూది వేసి 72 గంటల తర్వాత వాపు కొలవాలి. తేదీలు చూడకుండా తీసుకున్నది నేనే, ఎవర్ని అనాలి? రక్తం నువ్వు దగ్గరుండి తీయించు, ఖర్చు నువ్వే పెట్టుకో. దళారి తీయిస్తే అది ఏ గేదె రక్తమో దేవుడికే తెలియాలి. చెవి ట్యాగు మీది 12 అంకెలూ రిపోర్టులో ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ సరిపోల్చుకో.

సత్తెనపల్లి పాడి:
ఇప్పుడే చెవుల ఫొటోలు తెప్పించాను. ఐదు నంబర్లు కాగితంలో ఉన్నాయి. ఆరోది లేదు. పూటకు ఎనిమిది లీటర్లు ఇస్తుందని నేను మోజుపడిన గేదె అదే.