సమస్య: ప్రేమ లేదను మాటయే ప్రేమలేఖ

నిర్వాహకుడు:
పొద్దున నడుస్తుంటే తట్టిన పాదం ఇది, మధ్యాహ్నం దాకా నన్ను వదల్లేదు. ఎదుట నిలబడి ఒక్క మాట చెప్పలేని మనుషుల గురించి ఇక్కడ పద్యాలు చదవాలని నాకు ఎన్నాళ్లుగానో కోరిక. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి. పాదాన్ని విరవండి, అడ్డం తిప్పండి, ప్రశ్న చేయండి. అక్షరం మాత్రం మార్చకండి.

వేకువ:
మా ఇంట్లో రోజూ జరిగేదే రాశాను.

నోట ప్రేమను జెప్పడు నోరు రాక,
రాత్రి దుప్పటి కప్పును రవము లేక,
యడిగి చూడగ దలవంచి యతడు పలుకు
ప్రేమ లేదను మాటయే ప్రేమలేఖ.

గురులఘువు:
వేకువ గారూ, మూడో పాదం చదివి కాసేపు ఆగిపోయాను. 'తలవంచి' అన్న ఒక్క మాటతో ఆ మనిషి కళ్లకు కట్టాడు. ఆ వంచిన తలే పైకి 'లేదు' అన్నదాన్ని 'ఉంది' అని చదివిస్తోంది. సమస్యలో ఉన్న వైరుధ్యం అక్కడే విడిపోయింది.

రెండో పాదంలో 'రవము' ఒక్కటే నాకు పంటికింద రాయి. చుట్టూ ఇంట్లో మాట్లాడుకునే మాటలే ఉన్నాయి: నోరు, దుప్పటి, తల. 'రాత్రి'కి యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ అక్షరం) కావాలని 'రవము'ను పిలుచుకొచ్చారు. మార్చండి.

పాదచారి:
ఉదయం నుంచి 'ప్రేమ లేదు' అనే రెండు ముక్కల చుట్టూనే తిరుగుతున్నాను. లేనిది ప్రేమ కాదు, ఇంకేదో అయితే? ఆ ఆలోచనతో:

పలుక రాదని మగనితో బంతమేల?
చేతిలో జేయి వేసిన చెలిమి చాలు;
నతని మౌనము చెప్పెడి యసలు కపట
ప్రేమ లేదను మాటయే ప్రేమలేఖ.

నిర్వాహకుడు:
ఆహా! కపటప్రేమ లేదట! పాదం ఇచ్చినప్పుడు నాకు ఈ విరుపు తోచనేలేదు. మూడో పాదం చివర మూడక్షరాలు చేర్చి మొత్తం సమస్యను బోర్లించారు.

గురులఘువు:
విరుపు గొప్పదే, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ మూడక్షరాల్లో చివరిది నిలవదు. 'కపటప్రేమ' సంస్కృత సమాసం. తర్వాత 'ప్రే' అనే జంట అక్షరం ఉన్నప్పుడు 'ట' లఘువుగా (తేలిక అక్షరంగా) ఎలా ఉంటుంది? పాదం మారినా సమాసం తెగదు కదా. గణం (గురులఘువుల లెక్క) పోయింది.

ఇంకో మాట. 'దీప మార్పిన గది యెల్ల దెల్లవారె' సమస్యకు నేను 'దివ్య' దగ్గర పాదం ఆపి 'ప్రభ'తో కింది పాదం ఎత్తుకుంటే, 'వ్య' గురువు (బరువైన అక్షరం) అవుతుందని పట్టుకున్నది మీరే. నాలుగు రోజులు వాదించి చివరికి మీదే ఒప్పన్నాను. ఆ పద్యం ఇప్పటికీ దిద్దుకోలేదు. మీరు నాకు నేర్పిన సూత్రాన్నే మీకు గుర్తు చేస్తున్నాను.

పాదచారి:
గుర్తుంది. మీ దీపం పద్యంలో ఆ ఒక్క అక్షరం తప్ప అంతా బంగారమే. అందుకే నాలుగు రోజులు వాదించాను. దీపం ఆర్పాక కిటికీలో వెన్నెల కనబడటం దాకా తీసుకెళ్లిన మనిషి 'దివ్య' దగ్గర జారడం నాకు నచ్చలేదు.

నా తప్పు తప్పే. దిద్దుబాటు ఆలోచిస్తాను.

తెల్లకాగితం:
గణాల సంగతి మీరు చూసుకోండి. నాకు మొదటి పాదం మీద అభ్యంతరం ఉంది. 'బంతమేల?' అని ఊరికే అనేశారు. ఒక్కసారైనా చెవులతో వినాలని ఉండటం పంతం కాదు పాదచారి గారూ. చేతలన్నీ కనబడుతున్నా ఆ ఒక్క మాట కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లకు లోపల ఒక మూల ఖాళీగానే ఉంటుంది.

ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానంటే, ఆ చెప్పలేని మనిషిని నేనే. మాట గొంతు దాకా వస్తుంది. తీరా నోరు తెరిస్తే 'ఫోన్ ఛార్జింగ్ పెట్టావా?' అని బయటపడుతుంది. అవతలి మనిషి ఒక్క క్షణం ఆగి 'పెట్టాను' అంటుంది. ఆ ఒక్క క్షణంలో తను ఏం వినాలనుకుందో నాకు తెలుసు. అందుకే రాసి పెడతాను. నా పూరణ:

ఎదుట నిలిచిన గొంతులో నెండు మాట
కాగితమ్మున వ్రాసిన గదలివచ్చు;
చదివి చూచిన పిమ్మట జారిపోయె
ప్రేమ లేదను మాటయే, ప్రేమలేఖ.

ప్రేమలేఖ చదివాక 'ప్రేమ లేదు' అన్న ఫిర్యాదే జారిపోయిందని అన్వయం.

వేకువ:
'గొంతులో నెండు మాట'! ఇన్నాళ్లూ అవతలి వైపు నుంచే చూశాను. గొంతు ఎండిపోయేంత టెన్షన్ ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. రాసి పెట్టడం చిన్నతనమేమీ కాదండీ. రుక్మిణి అంతటిదే అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడి చేత కృష్ణుడికి కబురు పంపింది.

పాదచారి:
వేకువ గారూ, రుక్మిణికి అడ్డం వచ్చింది దూరం. ఆమె కుండినపురంలో, ఆయన ద్వారకలో. పైగా అన్న మరొకరికిచ్చి పెళ్లి చేయబోతున్నాడు. మనసులో ఉన్నదంతా దాచకుండా చెప్పి పంపిన ధైర్యం ఆమెది. తెల్లకాగితం గారి మనిషి ఒకే గదిలో, రెండడుగుల దూరంలో ఉంది. ఆ రెండడుగులు దాటడమే కష్టం. పద్యం విలువ కూడా అక్కడే ఉంది, రుక్మిణితో పోలిస్తే అది తగ్గిపోతుంది.

'బంతమేల' అన్నది భార్య తనకు తాను చెప్పుకుంటున్న మాటగా రాశాను. ఎవరో పక్కన నిలబడి ఆమెకు బుద్ధి చెబుతున్నట్టు వినబడితే అది నా లోపమే. మీరన్నది మనసులో పెట్టుకుంటాను.

గురులఘువు:
తెల్లకాగితం గారూ, కామా పెట్టి సమస్యను రెండుగా చీల్చడం బాగుంది. కొందరు దూరాన్వయం (కలవాల్సిన మాటలు దూరంగా పడటం) అంటారేమో. నాకు అలా అనిపించలేదు, చదివిందేమిటో చివరి మాట దాకా దాచడంలో అందం ఉంది.

కానీ 'పోయె' ద్రుతాంతం (చివర 'ను' దాగిన మాట). తర్వాత పరుషం (క, చ, ట, త, ప) వస్తే 'పోయెఁ బ్రేమ' అవ్వాలి. అంటే ఇచ్చిన సమస్యలో మొదటి అక్షరమే మారిపోతుంది. అక్షరం మార్చొద్దని నిర్వాహకులు ముందే అన్నారు.

తెల్లకాగితం:
నిజమే, చూసుకోలేదు. 'జారిపోదె' అని ప్రశ్నగా మారిస్తే?

చదివి చూచిన పిమ్మట జారిపోదె
ప్రేమ లేదను మాటయే, ప్రేమలేఖ?

గురులఘువు:
ఇది ఇంకా బాగుంది. ముందు జరిగిపోయిన సంగతిలా ఉండేది, ఇప్పుడు ఆశ పడుతున్నట్టుంది. రాసి పెట్టి, వాళ్లు చదువుతుంటే పక్క గదిలో కూర్చున్న మనిషి గొంతు ఇలాగే ఉంటుంది.

పాదచారి:
రాత్రంతా 'కపట'కు బదులు వెతికాను. చివరికి పక్కనే ఉంది:

నతని మౌనము చెప్పెడి యసలు దొంగ
ప్రేమ లేదను మాటయే ప్రేమలేఖ.

'దొంగ' తెలుగు మాట కాబట్టి 'గ' తేలిగ్గానే నిలుస్తుంది. మొదటి పాదం కూడా మార్చాలని చూశాను గానీ, మార్చినప్పుడల్లా ఆమె గొంతు పోయి నా గొంతు వస్తోంది. అలాగే ఉంచాను.

గురులఘువు:
నిలిచింది. 'కపట' కన్నా 'దొంగ' ఎంతో దగ్గరగా ఉంది కూడా. కపటం గ్రంథాల్లో మాట, దొంగ ప్రేమ అలిగినప్పుడు నోటికొచ్చే మాట. నా దీపం పద్యం కూడా ఈ వారం దిద్ది పెడతాను.

వేకువ:
నా రెండో పాదం మార్చాను:

నిదురబోయిన దుప్పటి నిండ గప్పు

గురులఘువు:
'రవము' పోయింది, ఇల్లు తిరిగొచ్చింది. 'గప్పు' తర్వాత మూడో పాదం 'నడిగి చూడగ' అని మొదలుపెట్టండి, అంతే.

వేకువ:
అలాగే దిద్దాను. దిద్దుతుంటే మా ఆయన వెనక నిలబడి పద్యమంతా చదివారు. 'నిండ గప్పు' మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచారు. ఏమీ అనలేదు. నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి లోపలికి వెళ్లిపోయారు. ఇకపై ఎవరేం చెప్పినా ఆ పాదంలో అక్షరం కదపను.