అనాథ పిల్లలకు హోం కట్టాలా, ఊళ్లోనే ఉంచి ఆదుకోవాలా?

ప్రశ్న: మా చర్చిలో హోం కట్టడానికి చందాలు పోగుచేస్తున్నారు. కానీ మేం అనుకుంటున్న పిల్లల్లో చాలామందికి అమ్మమ్మో మేనమామో ఉన్నారు. వాళ్ల దగ్గరే ఉంచి సాయం చేసే పద్ధతి ఎక్కడైనా నడిచిందా అన్నా?

జవాబు 1: నడిచింది. జింబాబ్వేలోని ముతారేలో 1987లో పిల్లల డాక్టరు జెఫ్ ఫోస్టర్ మొదలుపెట్టిన ఫ్యామిలీ ఎయిడ్స్ కేరింగ్ ట్రస్ట్ క్రైస్తవ సంస్థే. ఎయిడ్స్‌తో తల్లిదండ్రులు పోయిన పిల్లల కోసం వాళ్లు 1993లో ఫోకస్ అనే కార్యక్రమం పెట్టారు. స్థానిక చర్చిల నుంచి వాలంటీర్లను, ఎక్కువగా ఆడవాళ్లనే, ఎంచుకున్నారు. ఊళ్లో ఎవరింట్లో అనాథలున్నారో లెక్క రాసేది వాళ్లే, ఎవరికి ముందు అవసరమో తేల్చేదీ వాళ్లే, ఇంటికెళ్లి పలకరించేదీ వాళ్లే. సంస్థ నుంచి విత్తనాలు, దుప్పట్లు, స్కూలు ఫీజుల్లాంటివి అందేవి. నాకు బాగా నచ్చింది ఆ పలకరింపే, ఎందుకంటే పిల్లాడు అన్నం తిన్నాడో లేదో పక్కింటావిడకు తెలిసినంతగా ఆఫీసులో కూర్చున్నవాళ్లకు తెలియదు.

జవాబు 2: ఒప్పుకుంటాను, కానీ ముసలావిడ మీద భారం వేసి వదిలేయకండి. డబ్బులిచ్చి సరిపెడితే కుదరదు, ప్రతి వారం ఎవరో ఒకరు వెళ్లాలి.

జవాబు 3: హోం కట్టే ముందు ఇది చూడండి. 2015 జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బంధువుల దగ్గరున్న అనాథలకు మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద అర్హత ఉంటే నెలకు 4000 రూపాయలు వస్తాయి. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడగండి, దరఖాస్తు నింపడంలో మీ చర్చి యువకులు సాయపడొచ్చు.