అత్తగారి పూర్వీకుల 400 ఎకరాలు, 1742 లీజు: వర్జీనియా పాత భూమి రికార్డులు వెతికినవాళ్లు చెప్పండి

రిచ్‌మండ్_కోడలు:
అందరికీ నమస్కారం. మా ఆయన వాళ్లది వర్జీనియాలో వలసకాలం నాటి కుటుంబం. మా అత్తగారి పుట్టింటివైపు మూలపురుషుడికి గూచ్‌లాండ్ కౌంటీలో లిక్కింగ్‌హోల్ క్రీక్ పక్కన 400 ఎకరాలు ఉండేవట. 1742లో ఆయన ఆ భూమిని పొరుగాయనకి రాసిచ్చిన కాగితం నకలు మా ఇంట్లో ఉంది. ఐదు షిల్లింగులు తీసుకుని ఒక్క ఏడాదికి ఇచ్చినట్టు, ఏడాది చివర అడిగితే ఒక మొక్కజొన్న కండె అద్దెగా ఇవ్వాలన్నట్టు అందులో రాసి ఉంది. "మనం అమ్మలేదు, లీజుకిచ్చాం, వాళ్లు తిరిగివ్వలేదు" అని తరతరాలుగా ఇంట్లో చెప్పుకుంటూ వస్తున్నారు.

ఇప్పుడు వారసుల సంఘం అంటూ ఒక ఉత్తరం వచ్చింది. ఫీజు కట్టి పేరు నమోదు చేసుకుంటే వాటా ఇప్పిస్తారట. అత్తగారు చెక్కు రాయడానికి సిద్ధంగా ఉన్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. వంశం ఎలా రుజువు చేసుకోవాలి? ఆ 400 ఎకరాలు ఇవాళ్టి మ్యాప్‌లో ఎక్కడొస్తాయి? అసలు హక్కంటూ ఏమైనా మిగిలిందా? ఇంకొకటి, ఆ మూలపురుషుడు 1767లో రాసిన విల్లులో పెద్దకొడుకు పేరే లేదు. మా అత్తగారు ఆ పెద్దకొడుకు సంతతే. ఆయన్ని కాదనుకున్నారా?

టైటిల్_రాజు:
మేడం, నేను హైదరాబాద్‌లో కూర్చుని రోజూ అమెరికా భూముల టైటిల్సే (యాజమాన్య హక్కు కాగితాలు) చూస్తాను. వర్జీనియా, మేరీలాండ్, పెన్సిల్వేనియా అన్నీ చేశాను. మామూలు ఇంటి కొనుగోలుకి 40 ఏళ్లో 60 ఏళ్లో వెనక్కి చూస్తాం, అంతే. 1742 దాకా ఎవరూ వెళ్లరు. వర్జీనియాలో ఒకడు భూమిని బహిరంగంగా, సొంతదారులా 15 ఏళ్లు ఆపకుండా అనుభవిస్తే అసలు యజమాని దావా వేసే గడువు దాటిపోతుంది. మీ విషయంలో రెండున్నర శతాబ్దాలు దాటాయి. హక్కు లేదు. ఇందులో చర్చకేం లేదు.

మేరీలాండ్_మూర్తి:
హక్కు సంగతి పక్కన పెట్టండి, వంశం ముఖ్యం. మా ఆవిడ వాళ్ల పూర్వీకుడు 1653లో వర్జీనియాలో దిగినట్టు నేను కనిపెట్టాను. లైబ్రరీ ఆఫ్ వర్జీనియా వాళ్లు పాత పేటెంట్లన్నీ, అంటే ప్రభుత్వం భూమి ఇచ్చిన పత్రాలన్నీ, ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. అప్పట్లో మనిషిని తెచ్చినవాడికి తలకి 50 ఎకరాలు చొప్పున ఇచ్చేవారు, దాన్నే హెడ్‌రైట్ అంటారు. ఆ పేటెంట్ కింద తెచ్చినవాళ్ల పేర్ల జాబితా ఉంటుంది. అందులో మా ఆవిడ పూర్వీకుడి పేరు అక్షరం పొల్లుపోకుండా ఉంది! పిల్లలిద్దరికీ పాత కుటుంబాల సంఘంలో సభ్యత్వానికి దరఖాస్తు చేస్తున్నాను. వాళ్ల పేర్లు చూసి "మీరెక్కడివాళ్లు" అని అడిగేవాళ్లకి ఇక జవాబు దొరికింది.

గొలుసు_కర్ర:
మూర్తిగారూ, 1653 అనేది పేటెంట్ ఇచ్చిన ఏడాది. మనిషి దిగిన ఏడాది కాదు. హెడ్‌రైట్ సర్టిఫికెట్లు చేతులు మారేవి. ఓడ కెప్టెన్ అమ్మేవాడు, వ్యాపారి కొనేవాడు, ఏళ్లు గడిచాక ఇంకెవడో వాటిని చూపించి భూమి తీసుకునేవాడు. ఆ జాబితాలో పేరుంటే ఆ లోపు ఎప్పుడో ఒకప్పుడు వచ్చాడని మాత్రమే అర్థం.

మేరీలాండ్_మూర్తి:
సర్టిఫికెట్లు అమ్ముకునేవారని నాకూ తెలుసు. అందరూ అమ్ముకున్నారా? పేరు, కౌంటీ రెండూ కలిశాక ఇంకేం రుజువు కావాలి?

టైటిల్_రాజు:
పేరు కలిస్తే రుజువైపోతుందా? మా ప్రాసెస్‌లో అయితే పేరొక్కటే చూసి మ్యాచ్ అన్నవాడి ఫైలు వెనక్కి కొడతాం. జాన్ స్మిత్‌లు ఎంతమంది ఉంటారు సార్?

గొలుసు_కర్ర:
అంతే కాదు. ఒకే మనిషి పేరు రెండు మూడు పేటెంట్లలో కనిపిస్తుంది. ఇంగ్లాండ్ వెళ్లి వచ్చిన ప్రతిసారీ మళ్లీ 50 ఎకరాలకి లెక్క చూపించినవాళ్లున్నారు. పుట్టని మనుషుల పేర్లు రాసినవాళ్లూ ఉన్నారు. చివరికి 1699 నుంచి డబ్బు కట్టి హక్కు కొనుక్కునే పద్ధతి పెట్టారు, 50 ఎకరాలకి ఐదు షిల్లింగులు.

మేరీలాండ్_మూర్తి:
మీరిద్దరూ కలిసి నా పిల్లల పూర్వీకుణ్ని దొంగ పేరు చేసేశారు. నేను రాత్రులు కూర్చుని ఆ పాత చేతిరాత చదివాను. మీ ఇద్దరిలో ఎవరైనా ఒక్క పేటెంటయినా పూర్తిగా చదివారా?

గొలుసు_కర్ర:
నేను సర్వేయర్‌ని సార్. అవి చదవడమే నా పని.

సువర్ణ_ఆష్‌బర్న్:
పాపం ఆవిడ అడిగినదొకటి, మీరు కొట్టుకుంటున్నది ఒకటి. నేను పెద్దకొడుకు సంగతి చెప్తాను. ఆ రోజుల్లో వర్జీనియాలో విల్లులో ప్రస్తావించని భూమి చట్టం ప్రకారం పెద్దకొడుక్కే పోయేది. అందుకని చాలామంది తండ్రులు విల్లులో మిగతా పిల్లలకి మాత్రమే పంచేవారు. లేదంటే పెద్దవాడికి ముందే ఇచ్చేసేవారు. పేరు లేదంటే కాదనుకున్నారని అనుకోనక్కర్లేదు. ఈ పద్ధతిని 1785లో చట్టం చేసి తీసేశారు, 1787 నుంచి అమల్లోకి వచ్చింది. మీ విల్లు 1767 కాబట్టి పాత పద్ధతిదే.

నా బాధ మాత్రం కౌంటీలతో. మేం ఉండే ఊరు ఇవాళ లౌడన్ కౌంటీ. అది 1757లో ఫెయిర్‌ఫాక్స్ నుంచి వచ్చింది, ఫెయిర్‌ఫాక్స్ 1742లో ప్రిన్స్ విలియం నుంచి, అది 1731లో స్టాఫర్డ్ నుంచి. ఒకే పొలం కాగితాలు నాలుగు కోర్టుల్లో ఉంటాయి. పైగా మావైపు భూమి ఇచ్చినది రాజుగారి ప్రభుత్వం కాదు. పొటోమాక్, రాపహానొక్ నదుల మధ్యనున్న 50 లక్షల ఎకరాలకి పైగా భూమి ఫెయిర్‌ఫాక్స్ ప్రభువు కుటుంబానిది. క్విట్ రెంట్ (భూమి మీద ఏటా కట్టే శిస్తు) వాళ్లకే కట్టాలి. నాకీ సంగతి ఎవరూ చెప్పకపోతే రాజుగారి పేటెంట్ల పుస్తకాల్లోనే ఇంకా వెతుకుతూ ఉండేదాన్ని.

మీ కాగితం మీద నెల ఏముంది? 1752కి ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. జనవరి, ఫిబ్రవరి అయితే ఏడాది మారిపోతుంది, చూసుకోండి.

నిర్మల_నార్ఫోక్:
హెడ్‌రైట్ల గురించి ఇంత మాట్లాడారు, ఒక్కరూ చెప్పని మాట నేను చెప్తాను. ఆ 50 ఎకరాల లెక్కలో ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన మనుషుల తలలూ ఉన్నాయి. తెచ్చినవాడికి మనిషీ దక్కాడు, ఆ మనిషి తల మీద పొలమూ దక్కింది. మా ఆయన పూర్వీకులు ఆ జాబితాల్లో "నీగ్రో" అన్న ఒక్క మాటగా ఉన్నారు, చాలాచోట్ల పేరు కూడా లేకుండా.

మీరంతా 1653, 1742 అంటున్నారు. మాకు 1870 దగ్గరే గోడ. నల్లవాళ్లందరినీ పేర్లతో రాసిన మొదటి జనాభా లెక్క అదే. 1850, 1860 బానిసల జాబితాల్లో యజమాని పేరుంటుంది, దాని కింద వయసు, ఆడా మగా, రంగు. అంతే. అందుకని మేం యజమాని కుటుంబం విల్లులు, డీడ్లు (ఆస్తి బదిలీ పత్రాలు) పేజీ పేజీ చదువుతాం. 1705 చట్టంతో వర్జీనియాలో బానిసల్ని వారసత్వం విషయంలో స్థిరాస్తి కింద లెక్కగట్టారు. అందుకే పొలంతో పాటు మనుషుల పేర్లు కూడా కనిపిస్తాయి. "నా కూతురికి హానా అనే పిల్ల, ఆమెకి పుట్టబోయే సంతానం" అన్న తరహా వాక్యం చదివాక ఆ రోజు ఇంకేం చదవలేం.

కోడలుగారూ, మీ 1767 విల్లులో కూడా అలాంటి పేర్లు ఉండే ఉంటాయి. దయచేసి అవి కూడా టైపు చేసి పెట్టండి. ఎవరో వాటికోసం వెతుకుతూ ఉంటారు.

మేరీలాండ్_మూర్తి:
నిర్మలగారూ, మీ బాధ అర్థమైంది. కానీ ప్రతి చర్చనీ అక్కడికే తీసుకెళ్తే ఎలా? మా ఆవిడవాళ్ల పూర్వీకుడు కూడా ఒప్పంద కూలీగా వచ్చినవాడే కదా.

నిర్మల_నార్ఫోక్:
ఒప్పంద కూలీకి గడువు ఉంది, తీరాక భూమి కొనుక్కోవచ్చు. ఇది కూడా తెలుసుకోండి. ఆంథొనీ జాన్సన్ అనే ఆయన 1621లో "ఆంటోనియో" అన్న పేరుతో వర్జీనియాకి బందీగా వచ్చాడు. తర్వాత స్వేచ్ఛ సంపాదించాడు. 1651లో నార్తాంప్టన్ కౌంటీలో ఐదు హెడ్‌రైట్ల మీద 250 ఎకరాలు తన పేర రాయించుకున్నాడు. తర్వాత మేరీలాండ్ వెళ్లి 1670లో పోయాడు. అదే ఏడాది వర్జీనియాలో జ్యూరీ ఏం తేల్చిందో తెలుసా? ఆయన నల్లవాడు కాబట్టి పరాయివాడు, అందుకని ఆ భూమి ప్రభుత్వానిది అని. పేటెంట్ చేతిలో ఉన్నా పోయింది. నేను చర్చని పక్కకి తీసుకెళ్లలేదు మూర్తిగారూ. వారసత్వ భూమి అన్నమాట ఎత్తితే ఇది లోపలే ఉంది.

గొలుసు_కర్ర:
నిర్మలగారు చెప్పినది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ మాటకొస్తే వర్జీనియా తీరప్రాంతపు భూమి చాలావరకు అంతకుముందు పౌహాటన్ అనే మూలవాసులది. వాళ్లలోని పముంకీ తెగవాళ్లు 1677 సంధి ప్రకారం ఇప్పటికీ ఏటా వేటాడిన జింకని తెచ్చి వర్జీనియా గవర్నర్‌కి కప్పంగా ఇస్తారు.

న్యూజెర్సీ_శేషు:
అమ్మా కోడలుగారూ, ముందు ఆ చెక్కు ఆపండి. మిగతా చర్చ తర్వాత.

ఇది పాత మోసం. న్యూయార్క్ డచ్చివాళ్ల వలసగా ఉన్నప్పుడు ఆనెకె యాన్స్ అనే ఆవిడకి మన్‌హట్టన్ దక్షిణాన 62 ఎకరాల పొలం ఉండేది. ఆమె 1663లో పోయింది. 1671లో వారసులు గవర్నర్‌కి అమ్మారు, ఒక కొడుకువైపు వాళ్లు సంతకం పెట్టలేదు. 1705లో ఇంగ్లాండ్ రాణి ఆ భూమిని ట్రినిటీ చర్చికి ఇచ్చింది. ఆ ఒక్క సంతకం పట్టుకుని 200 ఏళ్లకి పైగా ఆమె సంతతి దావాలు వేసింది, ప్రతిసారీ ఓడింది. మధ్యలో "వారసుల సంఘాలు" పెట్టి, వాటా వస్తుందని ఊరూరా ఫీజులు వసూలు చేసినవాళ్లు బాగుపడ్డారు. మా తోటి ఉద్యోగి తండ్రికి కూడా మీ అత్తగారికి వచ్చినలాంటి ఉత్తరమే వచ్చింది. పెద్దాయన కట్టేశాడు. రెండో ఉత్తరం వచ్చింది, మళ్లీ కట్టాడు. ఇంట్లోవాళ్లకి ఆయన పోయాక తెలిసింది.

టైటిల్_రాజు:
అదే నేను మొదట్లోనే చెప్పాను. హక్కు లేదు అని ఒక్క ముక్కలో చెప్పాను. మా నాన్నగారి ఊళ్లో కూడా ఇంతే, మా పెదనాన్న కొడుకులు పాత పహాణీ పట్టుకుని తిరుగుతున్నారు. సర్వే నంబరు మాది, అనుభవం వాళ్లది. ఈసీ తీస్తే...

గొలుసు_కర్ర:
రాజూ, ఇది గూచ్‌లాండ్ చర్చ. మీ ఊరి సర్వే నంబరుకి వేరే చర్చ మొదలుపెట్టండి.

మ్యాప్ గురించి ఎవరూ చెప్పలేదు. డీడ్‌లో హద్దులు ఇలా ఉంటాయి: ఫలానా తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలు, ఉత్తరం 20 డిగ్రీలు తూర్పుకి ఇన్ని పోల్స్, అక్కడ క్రీకు ఒడ్డున హికరీ చెట్టు. ఒక పోల్ అంటే పదహారున్నర అడుగులు, 320 పోల్స్ ఒక మైలు. 400 ఎకరాలంటే 200 పోల్స్ వెడల్పు, మైలు పొడవు ఉన్న చెక్క అనుకోండి. ఆ గీతలన్నీ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తే ఆకారం వస్తుంది. చెట్లు పోయినా క్రీకు ఉంటుంది కదా, ఆకారాన్ని క్రీకుకి ఆనించి, చుట్టుపక్కల పొరుగువాళ్ల పేటెంట్లు కూడా గీసి, జిగ్సా ముక్కల్లా కలుపుతాం. దిక్సూచి ఉత్తరం అప్పటికీ ఇప్పటికీ జరిగింది, ఆ తేడా సరిచేయాలి. హద్దుల పేరా నాకు పంపండి, నేను గీస్తాను.

నిర్మల_నార్ఫోక్:
నిన్న కోపంలో అసలు ముఖ్యమైనది రాయలేదు. ఆ లీజు కాగితం నకలు ఒక్క పేజీయేనా? డీడ్ పుస్తకంలో దాని తర్వాతి పేజీ చూశారా?

ఐదు షిల్లింగులు, ఏడాది గడువు, ఒక మొక్కజొన్న కండె: ఈ మూడూ కలిస్తే అది మామూలు లీజు కాదు. అప్పట్లో అమ్మకానికే రెండు కాగితాలు రాసేవారు, లీజ్ అండ్ రిలీజ్ అని. మొదటి రోజు ఏడాది లీజు రాసి కొన్నవాణ్ని స్వాధీనంలో పెట్టినట్టు చూపేవారు. మర్నాడు రెండో కాగితంతో మిగిలిన హక్కంతా వదిలేసేవారు. అసలు ధర అందులో ఉంటుంది. ఇంగ్లాండ్ నుంచి వచ్చిన పద్ధతి ఇది. మీ అత్తగారి దగ్గరున్నది మొదటి సగం. ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్ర వెబ్‌సైట్‌లో ఉచిత ఖాతా తెరిచి గూచ్‌లాండ్ డీడ్ పుస్తకంలో పేజీ తిప్పండి.

మేరీలాండ్_మూర్తి:
ఈ విషయం నాకూ కొత్త. నిర్మలగారూ, ధన్యవాదాలు. 1653 గురించి మాత్రం నా అభిప్రాయం మారదు.

రిచ్‌మండ్_కోడలు:
తర్వాతి పేజీ దొరికింది! లీజు తేదీకి సరిగ్గా మర్నాడు. 35 పౌండ్లకి, కొన్నవాడికీ అతని వారసులకీ శాశ్వతంగా అని ఉంది. సాయంత్రం అత్తగారికి ఐప్యాడ్‌లో చూపించాను. "శాశ్వతంగా" అన్న చోట వేలు పెట్టి మళ్లీ మళ్లీ చదివారు. చెక్కు చింపేశారు. చాలాసేపు మాట్లాడలేదు కానీ కోపం లేదు.

ఇంకో సంగతి. రిలీజ్ కింద కోర్టువాళ్లు భార్యని విడిగా పిలిచి అడిగారని, ఆవిడ తన వాటా ఇష్టపూర్వకంగా వదులుకుందని రాసి ఉంది. పేరు జూడిత్. ఇన్నేళ్లూ మా అత్తగారి వంశవృక్షంలో ఆవిడ గడి ఖాళీగా ఉంది. ఇప్పుడు జూడిత్ పుట్టింటివాళ్లని ఎలా పట్టుకోవాలి? నిర్మలగారూ, 1767 విల్లులో ఏడుగురి పేర్లున్నాయి. ఈ వారాంతంలో టైపు చేసి పెడతాను, వాళ్లు ఎవరి వాటాకి వెళ్లారో కూడా రాస్తాను.

సువర్ణ_ఆష్‌బర్న్:
గూచ్‌లాండ్ 1728లో హెన్రైకో నుంచి వచ్చింది. జూడిత్ తండ్రి విల్లు హెన్రైకోలో ఉండొచ్చు, ముందు అక్కడ చూడండి. "నా కూతురు జూడిత్" అంటూ అల్లుడి ఇంటిపేరుతో రాసి ఉంటే మీ పని తేలికవుతుంది.

న్యూజెర్సీ_శేషు:
ఆ ఉత్తరాన్ని మాత్రం చింపకండి. కవరుతో సహా పోస్టల్ ఇన్‌స్పెక్షన్ సర్వీస్‌కి ఫిర్యాదు పెట్టండి. ఇంకెంతమంది పెద్దవాళ్లకి వెళ్లిందో.